మడత విప్పని దుప్పటి

నగేష్ బ్యాగు నేనే సర్దేదాన్ని. అల్లుడి బట్టలు అత్త సర్దడం ఏమిటని నా బిడ్డ పుష్ప నవ్వేది. నవ్వితే నవ్వనీ. ఎవరి బ్యాగులో ఏముందో చూస్తే వాళ్లు ఎన్నాళ్లకని పోతున్నారో తెలుస్తుంది. మా ఆయన మస్కట్ పోయిననాడు తన బ్యాగు తనే సర్దుకున్నాడు. లోపల ఏం పెట్టుకున్నాడో నేను చూడలేదు. ఆ తర్వాత ఆయనా రాలేదు, చూడవలసిన అవసరమూ రాలేదు.

ఆ ఏడాది రంజాన్ పండుగ అయిన వారం. నాలుగు జతల బట్టలు, తువ్వాలు, మామిడికాయ తొక్కు సీసా, ఫోను చార్జరు పెట్టి జిప్పు లాగబోతుంటే నగేష్ ఆపాడు.

"ఇంకొకటి గావాలె అత్తమ్మా. పాత దుప్పటి ఉంటే ఇయ్యి. తెల్లదైతే మంచిది."

"క్యాంపుల దుప్పట్లు ఇయ్యరా?"

"కప్పుకునేందుకు గాదు. పురుగుల కోసం."

నగేష్ తోటల కంపెనీలో సూపర్‌వైజరు. అప్పటిదాకా మేముండే దోహాలోనే డ్యూటీ, చీకటి పడేసరికి ఇంట్లో ఉండేవాడు. ఇప్పుడు గంట దూరంలో ఉన్న దుఖాన్‌లో స్టాఫ్ ఇండ్ల ముందున్న చెట్లకు పెంకు పురుగు పట్టిందట. బాదం ఆకులు, గులాబీ ఆకులు జల్లెడలయ్యాయట. అది అదుపులోకి వచ్చేదాకా వారమంతా అక్కడే క్యాంపులో ఉండాలి, గురువారం సాయంత్రం వచ్చి శనివారం సాయంత్రం పోవాలి.

"పొద్దంత పని చేసి ఇంటికి రావొచ్చు గదా కొడుకా. బస్సులు లేవా?"

"పురుగు పొద్దుమూకినంకనే లేస్తది అత్తమ్మా. అది లేచినప్పుడే నా డ్యూటీ."

నేను దుప్పటి తెచ్చి ఇచ్చాను గానీ ఆ మాట నాకు దిగలేదు. చీకటి పడ్డాక డ్యూటీ ఎక్కే పురుగు గురించి నేనెన్నడూ వినలేదు. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, మడతల మధ్య ఎండు వేపాకు రెబ్బ ఒకటి పెట్టాను. బట్టలకు వాసన పట్టకుండా పెట్టెలో వేపాకు వేయడం నా పాత అలవాటు.

దోహాలోని మదీనత్ ఖలీఫాలో ఒక పాత విల్లాకు అడ్డగోడలు పెట్టి పోర్షన్లు చేశారు. వెనక పోర్షన్ మాది. పక్కది మెట్‌పల్లి తహెరున్నీసాది. ఆమె భర్త ఖుత్బుద్దీన్ స్కూలు బస్సు నడుపుతాడు. రెండు పోర్షన్లకూ కలిపి ఒకటే ముంగిలి, అందులో ఒక జామచెట్టు. పుష్ప క్లినిక్‌లో డ్యూటీకి పోయాక, ఆ చెట్టు కింద తహెరున్నీసా, నేను కూర్చునేవాళ్లం. ఆమెకు చెప్పకుండా ఏదీ దాచలేను. దాచినా ఆమె దాగనివ్వదు.

"పురుగు మీద పెట్టిండా?" అంది తహెరున్నీసా. "మా ఖాలా అల్లుడు ఆడిట్ మీద పెట్టిండు. నెలకు పది దినాలు ఆడిట్, ఆడిట్. జిద్దాల ఇంకో నిఖా చేసుకున్నంక తెల్సింది, ఆ ఆడిట్ ఎవలో."

"నగేష్ అసొంటోడు గాదు."

"నేనన్ననా అక్కా? పురుగు అసొంటిదని అన్న."

ఆ వారం నాకు అన్నం సహించలేదు. ఫోను చేస్తే వెనకాల ఏం వినిపిస్తుందోనని చెవి పెట్టేదాన్ని. ఒకసారి ఎవరో ఆడమనిషి నవ్వినట్టు వినిపించింది. టీవీ అన్నాడు. క్యాంపులో టీవీ ఎక్కడిదని ఇంకో రెండు రోజులు ఆలోచించాను.

గురువారం వచ్చాడు. స్నానం చేసి, గడ్డం గీసుకుని, అత్తరు పూసుకున్నాడు. నేను అత్తరు వైపే చూస్తున్నానని కనిపెట్టినట్టున్నాడు. మరునాడు పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడగానే ముంగిట్లో నిలబడి పిలిచాడు.

"అత్తమ్మా, దా. నా మీద నమ్మకం లేదు గదా. పురుగునే అడుగుదువు."

పుష్ప కిసుక్కున నవ్వింది. నేను విననట్టు కొంగు సర్దుకుంటూ పోయాను. అప్పటికే మా జామ ఆకులు కూడా బొక్కలు పడుతున్నాయి. మేకలు లేవు, గొంగళిపురుగు లేదు, ఎవరు తింటున్నారో తెలియక నేను తహెరున్నీసా మనవరాలిని అనుమానిస్తున్నాను.

నగేష్ ముంగిట్లో లైటు ఆర్పాడు. "లైటుంటే పక్కింటి పురుగులు గూడ సుట్టాల లెక్క అస్తయి." చెట్టు కింద దుప్పటి పరిచాడు. చీకటి చిక్కబడింది. ఆకుల్లో కరకరమని ఏదో సన్నగా వినబడింది, లేదా నాకలా అనిపించింది. అప్పుడు కొమ్మను రెండు చేతులతో పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు.

టపటపా రాలాయి. ఫోను వెలుగులో చూస్తే ఒక్కొక్కటి చింతగింజంత, అదే రంగు. కాళ్లు ముడుచుకుని కదలకుండా పడి ఉన్నాయి.

"సచ్చినయా?"

"సచ్చినట్టు పంటయి. జూడు ఇప్పుడు."

చూస్తుండగానే ఒకటి కాలు చాచింది. గడప మీద కూర్చున్న తహెరున్నీసా అందుకుంది: "మా ఇంట్ల గూడ ఒకాయన ఉన్నడు. పని చెప్తే గిట్లనే పంటడు."

"పేరు జెప్పు, పేరు," అన్నాడు ఖుత్బుద్దీన్ లోపలినుంచి.

నగేష్ దుప్పటి నాలుగు కొసలూ ఎత్తి పురుగులన్నింటినీ సబ్బు నీళ్ల బకెట్లోకి దులిపాడు. మందు కొడితే పోదా అని అడిగాను. వేపనూనె కొడతారట, అదీ పొద్దు గుంకాక. ఎండలో కొడితే ఆకే మాడుతుందట. గట్టి మందులు వద్దన్నాడు. ఆ ఇండ్లలో పిల్లలుంటారు, రాలిన పురుగును పిట్టలు తింటాయి. తర్వాత చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని మన్ను తవ్వాడు. తెల్లటి లావుపాటి పురుగు ఒకటి గుండ్రంగా ముడుచుకుని బయటపడింది.

"ఇది దీని పిల్ల. వేర్లు తింటది. పచ్చి ఎరువుల అస్తది. పోయినేడు ఇక్కడ మేకల ఎరువు పోసింది ఎవలు?"

ఖుత్బుద్దీన్ బయటికి వచ్చినవాడు వచ్చినట్టే తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఎన్నాళ్లుంటయి ఇవి?" అన్నాను.

"బక్రీదు దాటితే ఒక్కటి కనపడది అత్తమ్మా. మన్నుల గుడ్లు పెట్టి ఖతమైతయి. మళ్ల ఎండకాలం మొదట్లనే."

ఆ రాత్రి నేను నిద్రపోయాను.

అప్పటినుంచి ప్రతి గురువారం నగేష్ స్నానానికి పోగానే దుప్పటి బయటికి తీసేదాన్ని. పాత పేపర్ల మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. ఎదురుగా ఏదుంటే అది చదవకుండా ఉండలేను. ఆ దుప్పటినీ అట్లాగే చదివేదాన్ని. పురుగు వదిలిన గోధుమరంగు మరకలు, విరిగిన కాళ్లు, అంచు ఎర్రబడ్డ బాదం ఆకు తునకలు, ఒక వారం గులాబీ రెక్కలు. అన్నీ దుఖాన్‌వే. ఉతికి, ఆరేసి, మడతల్లో కొత్త వేపాకు రెబ్బ పెట్టి మళ్లీ బ్యాగులో వేసేదాన్ని. మే పోయింది. జూన్ పోయింది. తహెరున్నీసా ఆడిట్ కథ మళ్లీ ఎత్తలేదు.

బక్రీదు అయిన తర్వాతి గురువారం దుప్పటి తీశాను. నా మడతలు నా మడతల్లాగే ఉన్నాయి. విప్పాను. మధ్యలో వేపాకు రెబ్బ ఒక్క ఆకు కూడా నలగకుండా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఇంటి సబ్బు వాసన.

నగేష్ స్నానం నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు.

"ఈ వారం పురుగులెట్లున్నయి కొడుకా?"

"బగ్గున్నయి అత్తమ్మా," అన్నాడు పప్పు కలుపుకుంటూ. "దులుపుడు, దులుపుడు. రెక్కలు పోతున్నయి."

పుష్ప ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

మరునాడు అజాన్ కాగానే నేనొక్కదాన్నే ముంగిట్లోకి పోయి లైటు ఆర్పాను. చీకటి చిక్కబడేదాకా ఆగి జామ కొమ్మను ఊపాను. ఒక పండుటాకు రాలింది. అంతే. వెలుగు పెట్టి చూస్తే కొత్త చిగుళ్లు నిండుగా ఉన్నాయి, ఒక్క బొక్క లేదు. పురుగు వెళ్లిపోయింది. నగేష్ చెప్పిన వేళకే వెళ్లిపోయింది.

పురుగు లేనప్పుడు ఈయన ఐదు రోజులూ ఎవరి దగ్గర ఉంటున్నాడు?

ఇక నా బుర్ర ఆగలేదు. ఫోను బోర్లా పెడుతున్నాడు. కొత్త చొక్కా కొన్నాడు. దుఖాన్ ఎండలో తిరిగిన మనిషి నల్లబడాలి గానీ ముఖం పాలిపోయింది. ఆ ఆడమనిషి ఫిలిప్పీన్స్‌దా, నేపాలీనా, మన దిక్కుదేనా? మన దిక్కుదైతే ఊళ్లో తల ఎత్తుకునేదెట్లా? పుష్పకు చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. తహెరున్నీసాకు చెప్పాను.

"నేననలేదా?" అని ఆమె అనలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. "బడులు బంద్ ఉన్నయి గదా," అంది. "మా ఆయనకు పని లేదు. తిరిగి చూసొస్తడు."

ఖుత్బుద్దీన్ దుఖాన్ దాకా పోనవసరం లేకపోయింది. నాలుగు రోజుల తర్వాత వచ్చి మా గడప బయటే నిలబడ్డాడు. టోపీ తీసి చేతుల్లో తిప్పుతున్నాడు.

"ఇక్కడనే, దోహాల, అల్ ముంతజాల చూసిన అక్కా."

"ఎవరున్నరు పక్కన?"

"ఎవలు లేరు. ఆడమనిషి లేదు, ఏం లేదు. పది మంది ఉండే రూం అది. చేతుల నీళ్ల క్యాను పట్టుకుని మెట్లెక్కుతుండు. నన్ను చూసి మొఖం తిప్పుకుండు. నేను పిలవలే."

"మరి దుఖాన్?"

"కింద చాయ్ హోటల్ల అడిగిన. కాంట్రాక్టు జూన్లనే అయిపోయిందట. పురుగు పోయింది, ఇంక మనుషులెందుకన్నరట. పొద్దున లేచి నర్సరీల పొంట తిరుగుతడట. యాడికి పోయినా మాఫీ, మాఫీ, పని లేదనుడే."

తహెరున్నీసా గోడకు ఆనుకుని విన్నది. "పురుగును అంత మంచిగ ఎందుకు వదిలిచ్చిండమ్మా పిచ్చోడు," అంది మెల్లగా.

లేని ఆడదాన్ని తిట్టడానికి దాచిపెట్టుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. ఆయన వీధుల్లో తిరుగుతున్నాడన్నది తెలిసి మనసు కుదుటపడాలో, ఏడవాలో తెలియలేదు. తొందరలోనే ఇంకో అనుమానం లేచింది. పుష్పకు తెలుసా? తెలియకపోతే ఎవరు చెప్పాలి? చెబితే ఆ పిల్ల ఏమైపోతుంది?

ఆ గురువారం బ్యాగు తెరిచేసరికి దుప్పటి నిండా మరకలు. అయితే దుఖాన్‌లో పని ఉన్నట్టే. ఖుత్బుద్దీన్ ఎవరినో చూసి ఎవరనుకున్నాడో! గబగబా విప్పాను. ఆకు తునకలు చేతికి తగిలాయి.

బీడీలకు తునికాకు కత్తిరించి కత్తిరించి అరిగిన చేతులు నావి. కళ్లు మూసుకుని పట్టుకున్నా ఏ ఆకో చెబుతాను. అది బాదం కాదు, గులాబీ కాదు. గరుకుగా, ఈనెలు పైకి తేలి, నలిపితే కమ్మటి వాసన వచ్చే మా జామాకు. మరక పురుగుది కాదు. చాయ్ డికాషన్‌ది. మధ్యలో పొడి కూడా అంటుకుని ఉంది.

వంటింట్లోకి పోయాను. పుష్ప బెండకాయలు తరుగుతోంది. దాని గోళ్ల సందుల్లో ఆకుపసరు.

"ఈ వారం దుప్పటి బాగ మురికైంది," అన్నాను.

"పురుగులు బగ్గున్నయట గదా."

"అట్లనే అంటుండు."

"నానబెట్టు అమ్మా. గోరువెచ్చటి నీళ్లల్ల."

నేను దాని ముఖం చూశాను. అది బెండకాయల వంక చూసింది. ఎప్పటినుంచి తెలుసో అడగలేదు. భర్తను పల్లెత్తు మాట అనకుండా, నేను భయపడతానని నా కళ్లకు కూడా గంతలు కట్టింది. నేను మాత్రం ఏం చేశాను? గోరువెచ్చటి నీళ్లు పెట్టి నానబెట్టాను.

జూలై అంతా అట్లాగే నడిచింది. నగేష్ మడత విప్పని దుప్పటి తెచ్చేవాడు. ఆయన స్నానానికి పోగానే పుష్ప దాన్ని చెట్టు కిందికి తీసుకుపోయి వచ్చేది. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ ఏమీ చూడనట్టుండేదాన్ని. ఆ తర్వాత ఉతికేదాన్ని. జూలై గాలికి బట్ట గంటలో ఆరుతుంది. శుక్రవారం నగేష్ లేచేసరికి దుప్పటి మళ్లీ మడతల్లో ఉండేది. అన్నం దగ్గర ఆయన దుఖాన్ కబుర్లు చెప్పేవాడు, ఏ ఇంట్లో ఏ చెట్టు చిగురించిందో, ఏ దొరసాని గులాబీల కోసం ఏడ్చిందో. మేం నవ్వేవాళ్లం. నిజం చెప్పాలంటే ఆ గురువారాలు బాగుండేవి.

ఆగస్టులో ఒక గురువారం పుష్పకు క్లినిక్‌లో సాయంత్రం డ్యూటీ పడింది. నగేష్ వచ్చాడు, స్నానానికి పోయాడు. బ్యాగులో దుప్పటి తెల్లగా, నా మడతల్లో. పుష్ప వచ్చి చూస్తే? దండెం మీద దుప్పటి లేకపోతే, ఉన్నా మరక జాడ లేకపోతే, అమ్మ కనిపెట్టిందని దానికి తెలిసిపోతుంది. నేనే దుప్పటి తీసుకుని చెట్టు కిందికి పోయాను. ఆకులు నలిపి రుద్దాను. గిన్నెలో మిగిలిన చాయ్ ఒలకబోశాను. ఉతికి దండెం మీద వేశాను.

అది గోడలకు కూడా చెమట పట్టే వారం. తెల్లవారినా దుప్పటి నీళ్లు కారుతూనే ఉంది. నేను చాయ్ పెట్టి బయటికి వచ్చేసరికి నగేష్ దండెం దగ్గర నిలబడి ఉన్నాడు. దుప్పటి అంచు పట్టుకుని ఉన్నాడు. నడిమధ్యన పెద్ద మరక. పాల చాయ్ అంత తొందరగా వదలదు. ఆయన దాన్ని వాసన చూశాడు. తర్వాత జామచెట్టు కిందికి వంగిన కొమ్మను, ఆకులు తెంపిన చోటును చూశాడు.

"అత్తమ్మా," అన్నాడు నా వైపు తిరగకుండా. "ఈ మరక పోదు."

"పోకుంటే పోనీ కొడుకా. పాత దుప్పటే గదా."

"పుష్ప గూడ ఉతుకుతదా?"

"నేనే ఉతుకుత."

ఆయన తల ఊపాడు. చాయ్ గ్లాసు అందుకుని తాగాడు. బాగుందన్నాడు. ఆ రోజు దుఖాన్ కబుర్లు చెప్పలేదు.

శనివారం సాయంత్రం బట్టలు తీసుకుని నేను పోయేసరికి బ్యాగు జిప్పు లాగి గోడకు ఆనించి ఉంది.

"ఈసారి దుఖాన్ గాదు," అన్నాడు నగేష్, మా ఇద్దరినీ కాకుండా మా మధ్యనున్న తలుపును చూస్తూ. "సౌదీల, అల్ అహ్సాల ఖర్జూరం తోటలున్నయట. దోస్తు పిలిచిండు. సల్వా బార్డరు మీదంగ పోతున్న. కాగితాల పని అయిపోయింది. బతుకమ్మకు అస్త."

పుష్ప లోపలికి పోయి నీళ్ల సీసా నింపి తెచ్చింది.

"బ్యాగుల ఏం పెట్టుకున్నవ్ కొడుకా?"

"బట్టలే అత్తమ్మా."

"దుప్పటి?"

"ఉండనీ. అక్కడి పురుగు వేరే. చెట్టు లోపట ఉంటది. దులిపితే రాలది."

పోయొస్తనన్నాడు. తహెరున్నీసా గడప మీద నిలబడి ఖుదా హాఫిజ్ చెప్పింది. ఖుత్బుద్దీన్ బ్యాగు మోసుకుని టాక్సీ దాకా పోయాడు. టాక్సీ మలుపు తిరిగాక పుష్ప దండెం మీది దుప్పటి తీసి మడత పెట్టబోయి ఆగింది. చాయ్ మరక మీద వేలు పెట్టింది.

"ఇది నేను చేసింది గాదు."

"నేనే చేసిన."

దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి మడత పెట్టాం.

మొదట్లో ప్రతి శుక్రవారం ఫోను చేసేవాడు. ఎండ బాగుందని, తిండి బాగుందని చెప్పేవాడు. వెనకాల ఎవరి చప్పుడూ లేదు. నేనూ చెవి పెట్టడం మానేశాను. బతుకమ్మకు సెలవు ఇవ్వలేదన్నాడు. తర్వాత రంజాన్‌కు ఒకసారి చేశాడు. ఆ తర్వాత నంబరు మారింది. అటునుంచి వచ్చినవాళ్లు ఒంటరిగానే ఉంటున్నాడని, తోటలో పని బాగా చేస్తాడని చెప్పిపోతారు.

మరుసటి ఎండాకాలం జామచెట్టు మీదికి పురుగులు వచ్చాయి. మగ్రిబ్ అయ్యాక లైటు ఆర్పి, పుష్ప కొమ్మ ఊపింది. నేను ఆ మరకల దుప్పటి పరిచి పట్టుకున్నాను. బకెట్టు నిండింది.

నగేష్ తిరిగి రాలేదు. పోయింది రెండు వేల ఇరవై మూడు, ఆగస్టు పందొమ్మిది, శనివారం.